అసిస్టెంట్ కోచ్‌కే జాతీయ జట్టు: వాడి చూసినవాడి రివ్యూ

రేటింగ్: ఐదులో నాలుగు. ఆ ఒక్కటి ఎక్కడ కోశానో దారిలో చెప్తాను.

ముందు సరుకు ఏమిటో చెప్పాలి. జాతీయ ఫుట్‌బాల్ జట్టు పెద్ద టోర్నీలో బోల్తా పడుతుంది. హెడ్ కోచ్ తనంతట తనే పోతాడు, లేదా సాగనంపుతారు. ఫెడరేషన్ పెద్దలు పేరున్నవాళ్లందరికీ ఫోన్లు కొడతారు. ఒకడికి క్లబ్బుతో కాంట్రాక్టు ఉంటుంది, ఇంకొకడు అడిగే మొత్తం వింటే కళ్లు తిరుగుతాయి. అప్పుడు అదే గదిలో మూల కుర్చీలో నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్న మనిషి మీద అందరి చూపూ పడుతుంది. నిన్నటి దాకా ప్రాక్టీసులో కోన్లు పేర్చినవాడు, కార్నర్ కిక్కుల వీడియోలు కత్తిరించినవాడు. మర్నాడు ప్రకటన వస్తుంది: ప్రస్తుతానికి ఇతనే చూసుకుంటాడు.

ఆ "ప్రస్తుతానికి" అన్న ముక్కే ఈ సరుకు మీద అంటించిన చీటీ. అభిమానులం మనం దీన్ని కొనం, అది వచ్చి మన నెత్తిన పడుతుంది. నచ్చకపోతే వెనక్కి పంపే వీలు లేదు. రివ్యూ రాసుకునే హక్కు మాత్రం ఎవరూ తీసేయలేదు కాబట్టి రాస్తున్నాను.

నాకు ఇంకో చిన్న అర్హత కూడా ఉంది. పదకొండేళ్లు ఒక కాలేజీ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా ఉన్నాను. బిబ్బులు (ప్రాక్టీసులో ఎవరు ఏ జట్టో తెలియడానికి తొడిగే రంగు బనీన్లు) ఉతికించడం, బంతుల్లో గాలి చూడడం, బస్సులో తలలు లెక్కపెట్టడం నా పని. పంపు సూది ఎప్పుడూ నా చొక్కా జేబులోనే ఉండేది, ఎన్ని చొక్కాలకు చిల్లు పడిందో లెక్క లేదు. పిల్లలు హెడ్ కోచ్‌ని పెద్దసారు అనేవాళ్లు, నన్ను చిన్నసారు. ఎవరికి మోకాలు నొప్పి, ఎవరి ఇంట్లో గొడవ, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అన్నీ నా దగ్గరికే వచ్చేవి. ప్రతి సంగతి చివరా ఒకటే మాట: "పెద్దసారుకి చెప్పకండి సార్." తర్వాత ఒకే ఒక్క సీజన్ నన్నూ పెద్దసారుని చేశారు. ఆ ముచ్చట కాసేపాగి.

క్లబ్బులో ఈ పద్ధతి నాకు అంతగా నచ్చదు. క్లబ్బు కోచ్‌కి ఆటగాళ్లు రోజూ చేతిలో ఉంటారు, కొత్తగా ఎవడొచ్చినా నెలలో జట్టంతా అర్థమవుతుంది. నచ్చనివాణ్ని అమ్మొచ్చు, కావలసినవాణ్ని కొనొచ్చు. జాతీయ జట్టుకి ఆ సౌకర్యం లేదు. ఏడాదికి నాలుగైదు సార్లు ఆటగాళ్లు తలో దేశం నుంచి విమానం దిగుతారు, రెండు మూడు రోజులు ప్రాక్టీసు చేస్తారు, రెండు మ్యాచ్‌లు ఆడి వెళ్లిపోతారు. లెఫ్ట్ బ్యాక్ బాగా లేడంటే బజారుకెళ్లి తెచ్చుకునే వస్తువు కాదు, ఆ పాస్‌పోర్టు ఉన్నవాళ్లలోనే వెతుక్కోవాలి. కాబట్టి బయటి నుంచి వచ్చిన మహామహుడికైనా ఎవడు ఎవడి పక్కన కూర్చోడో తెలిసేసరికి ఏడాది గడిచిపోతుంది. చిన్నసారుకి అది మొదటి రోజే తెలుసు. ఈ సరుకులో అసలు విలువ నా లెక్కలో అదే. వ్యూహాల సంగతి తర్వాత.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువ కాలం దగ్గరగా చూసిన పీసు: లియొనెల్ స్కలోని, అర్జెంటీనా, 2018.

2018 ప్రపంచ కప్పులో అర్జెంటీనా ఎంత అధ్వాన్నంగా ఉందో ఇప్పుడు చాలామంది మర్చిపోయారు. మొదటి మ్యాచ్ మాస్కోలో ఐస్‌లాండ్‌తో 1-1, మెస్సీ పెనాల్టీని గోల్‌కీపర్ ఆపేశాడు. తర్వాత క్రొయేషియా చేతిలో 0-3. నైజీరియా మీద చివరి నిమిషాల్లో రోహో గోల్‌తో గట్టెక్కి, కజాన్‌లో ఫ్రాన్స్‌తో 3-4తో ఇంటికి. హెడ్ కోచ్ సంపావోలి ఆ జులైలోనే వెళ్లిపోయాడు. అతని సిబ్బందిలో స్కలోని ఒకడు. మొదటి అసిస్టెంట్ కూడా కాదు. ఆ పదవిలో బెకాసెసే ఉండేవాడు. స్కలోనికి అప్పుడు 40 ఏళ్లు, ఏ సీనియర్ జట్టుకీ హెడ్ కోచ్‌గా చేసిన అనుభవం లేదు. ఆటగాడిగా కూడా గొప్ప తార కాదు. 2006 ప్రపంచ కప్పు జట్టులో ఉండి ఒక్క మ్యాచ్, మెక్సికో మీద ఆడాడు.

మాజీ ఆటగాడు పాబ్లో ఐమార్‌ని వెంటబెట్టుకుని, స్పెయిన్‌లో జరిగిన ఒక అండర్-20 టోర్నీకి కుర్రాళ్లని తీసుకెళ్లి గెలిపించుకొచ్చాడు. ఆ ఆగస్టులోనే సీనియర్ జట్టు తాళాలు "ప్రస్తుతానికి" అతని చేతికిచ్చారు. వీడు ట్రాఫిక్ కూడా నడపలేడని మారడోనా ఎద్దేవా చేశాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు నేనూ మారడోనా పక్షమే. నా పాత డైరీలో "ఆర్నెల్లు" అని రాసి గుండ్రం చుట్టి ఉంది.

మొదటి అనుభవం బాగా లేదు. 2019 కోపా అమెరికాలో, అంటే దక్షిణ అమెరికా దేశాల కప్పులో, కొలంబియా చేతిలో 0-2, పరాగ్వేతో 1-1. సెమీస్‌లో బ్రెజిల్ చేతిలో 0-2. మూడో స్థానం మ్యాచ్ గెలిచారు కానీ అందులో మెస్సీకి రెడ్ కార్డు. ఈ దశలో ఎవరైనా రివ్యూ రాసి ఉంటే ఒకటిన్నర నక్షత్రం పడేది, అది అన్యాయమని కూడా అనలేం.

అప్పుడు నాకు కనిపించనిది ఒకటుంది. ఆ టోర్నీ జరుగుతున్నంతసేపూ స్కలోని మనుషుల్ని మారుస్తూనే ఉన్నాడు. రష్యాలో మునిగిన పాత బృందంలో చాలామందిని నెమ్మదిగా, గొడవ లేకుండా పక్కకి తప్పించాడు. డి పాల్, పరేడెస్, లో సెల్సో లాంటివాళ్లని మెస్సీ చుట్టూ పెట్టాడు. మెస్సీకి బంతి ఎక్కడ అందాలి, అందాక ఎవరు పరిగెత్తాలి అన్నది లెక్కగా కుదిరింది. అంతకుముందు జట్టు మొత్తం బంతిని మెస్సీకిచ్చి చేతులు కట్టుకుని చూసేది, ఇప్పుడు అతని కోసం పరిగెత్తేవాళ్లు ముగ్గురు దొరికారు. 2021 జూన్‌లో ఎమిలియానో మార్టినెజ్ గోల్‌లోకి, రొమేరో డిఫెన్సులోకి వచ్చారు. కోపా ఫైనల్లో, జులై 10న, రియోలోని మారకానా స్టేడియంలో బ్రెజిల్ మీద డి మారియా ఒకే ఒక్క గోల్. 1993 తర్వాత, అంటే 28 ఏళ్లకు, అర్జెంటీనాకి పెద్ద కప్పు.

బెంచీ మీద చూడండి: ఐమార్, వాల్టర్ సామ్యూల్, రొబెర్తో అయాలా. ముగ్గురూ తనకన్నా పేరున్న ఆటగాళ్లు. అసిస్టెంట్‌గా ఉన్నవాడు పైకొచ్చాక తన కింద మెతకవాళ్లని పెట్టుకోవడం మామూలు, నేనూ అదే చేశాను. ఇతను తనని మించినవాళ్లని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చిన్నసారుగా బతికినవాడికి ఆ కుర్చీ విలువ తెలిసి ఉండాలి.

ఇక ఖతార్, 2022 ప్రపంచ కప్పు. 36 మ్యాచ్‌లు ఓడకుండా వచ్చి, మొదటి ఆటలోనే సౌదీ అరేబియా చేతిలో 1-2. ఆ రాత్రి నేను టీవీ కట్టేసి, రిమోట్ కూడా కంటికి కనబడకుండా దాచాను. తర్వాతి మ్యాచ్ మెక్సికోతో. జట్టు పేర్లు వచ్చాక నాకు మొదట అర్థం కాలేదు. ఐదుగురు మారిపోయారు. మూడేళ్లుగా మధ్యలో స్తంభంలా ఉన్న పరేడెస్ బయట. ఆ తర్వాత పోలండ్ మ్యాచ్‌కి లౌతారో మార్టినెజ్ కూడా బయట. అప్పటిదాకా స్కలోనికి బోలెడు గోల్స్ కొట్టిపెట్టిన స్ట్రైకర్ అతను. వాళ్ల స్థానాల్లో ఎంజో ఫెర్నాండెజ్, మాక్ అలిస్టర్, హూలియన్ అల్వారెజ్. టోర్నీ మొదలయ్యేటప్పుడు వీళ్లు ముగ్గురూ బెంచీ మీదివాళ్లే.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నా సొంత కథ సరిగ్గా ఇక్కడే అడ్డం పడింది.

నన్ను పెద్దసారుని చేసిన సీజన్‌లో మొదటి వారమే ఒక తేడా తెలిసింది. నేను గదిలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. పదకొండేళ్లలో ఎప్పుడూ ఆగలేదు. మా కెప్టెన్ నాకు మూడేళ్లుగా కొడుకులాంటివాడు. వాడి ఫీజు కష్టాలు, వాడి మోకాలు, వాడి ఒకవైపు ప్రేమ, అన్నీ నాకు తెలుసు. సెమీఫైనల్ ముందు రోజు వాడి నడక చూస్తే మోకాలు మళ్లీ పట్టేసిందని తెలిసిపోయింది. "ఎలా ఉందిరా?" అన్నాను. "సూపర్‌గా ఉంది సార్" అన్నాడు. చిన్నసారుగా ఉన్నప్పుడు వాడు నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. తీసేయాలని తెలుసు. రాత్రంతా ఆలోచించి, పొద్దున్న వాడి పేరే మొదట రాశాను. రెండు గోల్సూ వాడి వైపు నుంచే పడ్డాయి. ఓడిపోయాం. వచ్చే ఏడాది వేరే పెద్దసారు వచ్చాడు, నేను మళ్లీ బిబ్బుల దగ్గరికెళ్లాను. పిల్లలు మళ్లీ అన్నీ చెప్పడం మొదలుపెట్టారు.

అందుకే పరేడెస్ పేరు లేని ఆ జాబితా చూసి నాకు గుండె ఝల్లుమంది. పరేడెస్, లౌతారో అలిగి మూల కూర్చోలేదు, అది ఇంకో ఆశ్చర్యం. నెదర్లాండ్స్‌తో క్వార్టర్ ఫైనల్‌లో చివరి పెనాల్టీ కొట్టి గెలిపించింది లౌతారోనే. ఫైనల్లో ఫ్రాన్స్ మీద పెనాల్టీల్లో మూడోది పరేడెస్ కొట్టాడు. మోంతియెల్ నాలుగోది కొట్టి కప్పు గెలిచాక స్కలోని కదలకుండా నిలబడిపోయాడు. వచ్చి కావలించుకున్నది పరేడెస్. అప్పుడు ఏడ్చాడు పెద్దసారు. 2024 కోపా ఫైనల్లో కొలంబియా మీద 112వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టింది ఎవరనుకున్నారు? మళ్లీ లౌతారో.

కాబట్టి ఈ సరుకు పనిచేస్తుందో లేదో చూడ్డానికి నాకు కప్పులు అక్కర్లేదు. తన దగ్గర కష్టసుఖాలు చెప్పుకున్నవాణ్ని మొదటిసారి ఎప్పుడు పక్కన పెట్టాడు, ఆ తర్వాత వాడు ఎలా ఉన్నాడు? ఈ రెండూ చూస్తాను.

ఈ లెక్కన జర్మన్ కంపెనీ సరుకు చూద్దాం. అసిస్టెంట్‌ని పైకి తేవడం వాళ్లకి పాత వ్యాపారం. సెప్ హెర్బెర్గర్ దగ్గర అసిస్టెంట్ హెల్ముట్ షోన్ 1964లో హెడ్ కోచ్ అయ్యాడు, 1972లో యూరో (యూరప్ దేశాల కప్పు), 1974లో ప్రపంచ కప్పు గెలిచాడు. షోన్ దగ్గర అసిస్టెంట్ యుప్ డెర్వాల్ 1978లో వచ్చాడు, 1980లో యూరో గెలిచాడు. ఊరగాయ జాడీలా, అడుగున పాతది కొంచెం ఉంచి దాని మీదే కొత్తది కలుపుతున్నారన్నమాట.

యోఆకిమ్ లోవ్‌ది ఆ వరసే. 2004 నుంచి రెండేళ్లు హెడ్ కోచ్ క్లిన్స్‌మన్ పక్కన అసిస్టెంట్. ఉత్సాహం క్లిన్స్‌మన్‌ది, ఆట లెక్కలు లోవ్‌వి అని అప్పట్లో అందరూ చెప్పుకునేవారు. స్కలోనిలా ఖాళీ చేతులతో రాలేదు, స్టుట్‌గార్ట్‌కి హెడ్ కోచ్‌గా 1997లో జర్మన్ కప్పు గెలిచి ఉన్నాడు. 2006 ప్రపంచ కప్పులో మూడో స్థానం వచ్చాక క్లిన్స్‌మన్ వెళ్లిపోతే కుర్చీ ఇతనికొచ్చింది. మెత్తని మనిషి, చక్కగా నప్పే చొక్కా, ఎవరినీ గట్టిగా అనడు. ఇతన్ని ఆటగాళ్లు ఆడించేస్తారనుకున్నాం.

2008 అక్టోబర్, డోర్ట్‌మండ్, రష్యాతో క్వాలిఫయర్. స్ట్రైకర్ కెవిన్ కురానికి ఆ రోజు జట్టులో చోటు దక్కలేదు, స్టాండ్స్‌లో కూర్చున్నాడు. హాఫ్ టైమ్‌లో లేచి వెళ్లిపోయాడు, తిరిగి రాలేదు. తాను కోచ్‌గా ఉన్నంతకాలం కురానిని పిలవనని మర్నాడే లోవ్ చెప్పేశాడు. 2009-10 సీజన్‌లో కురాని జర్మన్ లీగ్ బుండెస్‌లీగాలో 18 గోల్స్ కొట్టాడు, ప్రపంచ కప్పుకి పిలవమని దేశమంతా గోల పెట్టింది. పిలవలేదు. నాకు కురాని మీద జాలే, అప్పుడూ ఇప్పుడూ. కానీ ఆ తర్వాత లోవ్‌ని చిన్నసారు అన్నవాడు లేడు.

మిగతాది తెలిసిందే: 2008 యూరో ఫైనల్, 2010లో మూడో స్థానం, 2014 ప్రపంచ కప్పులో బ్రెజిల్ మీద 7-1, ఫైనల్లో 113వ నిమిషంలో గొయెట్జె గోల్‌తో కప్పు. ఆ టోర్నీలో కెప్టెన్ లామ్‌ని మిడ్‌ఫీల్డ్‌లో ఆడిస్తున్నాడని అందరూ తిట్టారు. పట్టుపట్టి నాలుగు మ్యాచ్‌లు అలాగే ఆడించి, క్వార్టర్ ఫైనల్‌కి చప్పుడు లేకుండా మళ్లీ రైట్ బ్యాక్‌కి పంపాడు. తన తప్పు ఒప్పుకోవడానికి ప్రెస్ మీట్ అక్కర్లేదని అప్పుడు తెలిసింది.

మరి నక్షత్రం ఎందుకు కోశాను? ఇందుకే: ఈ సరుకు మీద గడువు తేదీ ఉండదు. 2014లోనే ఆపేసి ఉంటే లోవ్‌కి ఐదుకి ఆరు ఇచ్చేవాణ్ని. అప్పుడే అతని అసిస్టెంట్ హాన్సీ ఫ్లిక్ బెంచీ వదిలి ఫెడరేషన్ ఆఫీసులోకి మారాడు. లోవ్ చెవిలో "ఇది వద్దు" అనే గొంతు అక్కడే తగ్గిపోయిందని నా అనుమానం. 2018 ప్రపంచ కప్పుకి పాత విజేతల మీద నమ్మకం పెట్టుకుని లెరోయ్ సానేని ఇంట్లో వదిలేసి వెళ్లాడు, గ్రూపులో ఆఖరి స్థానం. 2019 మార్చిలో ముల్లర్, హుమ్మెల్స్, బోటెంగ్‌లని ఒక్కసారే పక్కన పెట్టాడు. 2020 నవంబర్‌లో స్పెయిన్ చేతిలో 0-6. 2021 యూరోకి ముల్లర్‌నీ హుమ్మెల్స్‌నీ మళ్లీ బతిమాలి తెచ్చుకున్నాడు, ఇంగ్లండ్ చేతిలో 0-2తో కథ ముగిసింది. 15 ఏళ్లు, 198 మ్యాచ్‌లు. కాదనలేక రాసుకున్న పేర్ల జాబితా నాకు ఒక్క రోజే, అతనికి ఏళ్ల తరబడి సాగింది. లోవ్ తర్వాత వచ్చిన ఫ్లిక్ కూడా అదే బెంచీ సరుకే, మధ్యలో బాయర్న్‌తో అన్నీ గెలిచి వచ్చాడు. 2022లో గ్రూపులోనే ఔట్, 2023 సెప్టెంబర్‌లో జపాన్ చేతిలో 1-4 అయ్యాక తీసేశారు. జర్మనీ జాతీయ కోచ్‌ని అలా తొలగించడం అదే మొదటిసారి. జాడీ అడుగున ఉన్నది ఎప్పటికీ మంచిదే అన్న గ్యారంటీ లేదు.

పగిలిపోయి వచ్చిన పీసుల్లో నాకు ఎక్కువ గుర్తున్నది స్టీవ్ మెక్‌లారెన్. ఇంగ్లండ్ కోచ్ ఎరిక్సన్ దగ్గర అసిస్టెంట్, మిడిల్స్‌బ్రో క్లబ్బుకి మేనేజర్‌గా మంచి పేరే. 2006లో ఇంగ్లండ్ ముందు స్కొలారీని అడిగింది, ఆయన వద్దన్నాక ఇతనికిచ్చారు. తాను పాత కోచ్ మనిషిని కానని చూపించుకోవాలన్న తొందరలో మొదటి జట్టులోనే బెకమ్‌ని తీసేశాడు. నా పరీక్ష ప్రకారం ఇతను పాసవ్వాలి కదా? అవ్వలేదు. ఆ తీసేయడం ఆట కోసం కాకుండా అందరికీ చూపించడానికే చేసినట్టు ఉంది. ఏడాది తిరక్కుండా మళ్లీ పిలవాల్సొచ్చింది. 2007 నవంబర్ 21న వెంబ్లీలో వాన, క్రొయేషియాతో మ్యాచ్. డ్రా అయితే చాలు, యూరోకి అర్హత. కొత్త గోల్‌కీపర్ మొదట్లోనే బంతి జారవిడిచాడు. 2-2 చేసిన గోల్‌కి బంతి అందించింది ఎవరు? సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన బెకమ్. చివరికి 2-3. ఆ రోజంతా మెక్‌లారెన్ పెద్ద గొడుగు కింద నిలబడ్డాడు, మర్నాడు పత్రికలన్నీ గొడుగు మీదే పడ్డాయి. నాకు మాత్రం ఆ గొడుగుతో పేచీ లేదు. వానలో గొడుగు వేసుకోకపోతే ఏం వేసుకోవాలి?

స్పెయిన్ రాబర్ట్ మొరేనోది వేరే బాధ. 2019లో లూయిస్ ఎన్రికే కుటుంబ కారణాలతో తప్పుకుంటే, అతని అసిస్టెంట్ మొరేనో జట్టుని తీసుకున్నాడు. ఒక్క మ్యాచ్ ఓడలేదు, యూరోకి అర్హత తెచ్చాడు. నవంబర్‌లో రుమేనియాని 5-0తో కొట్టాక డ్రెస్సింగ్ రూమ్ నుంచి కన్నీళ్లతో వెళ్లిపోయాడు, మర్నాడు లూయిస్ ఎన్రికే తిరిగి వస్తున్నట్టు ప్రకటించారు. మొరేనో యూరో దాకా ఉంటానన్నాడని, అది తనకు ద్రోహంగా తోచిందని కొత్తగా వచ్చిన పాత కోచ్ బహిరంగంగానే చెప్పాడు. ఎవరిది తప్పో తేల్చడం నా పని కాదు. కుర్చీ ఇచ్చేటప్పుడు అది ఎవరిదో ఫెడరేషన్ కాగితం మీద రాసి ఉంటే ఇద్దరు స్నేహితులు విడిపోయేవాళ్లు కాదు. ఈ సందర్భంలో ఫిర్యాదు సరుకు మీద కాదు, దుకాణదారు మీద.

అత్యవసరానికి ఈ సరుకు ఎలా ఉంటుందంటారా? దివ్యంగా. 2024 జనవరిలో ఆఫ్రికా కప్పుకి ఆతిథ్యమిచ్చిన ఐవరీ కోస్ట్ సొంత గడ్డ మీద ఈక్వటోరియల్ గినీ చేతిలో 0-4తో ఓడింది. కోచ్ గాసే వెళ్లిపోయాడు. ఫ్రాన్స్ మహిళల జట్టు కోచ్ ఎర్వే రెనార్‌ని నాలుగు మ్యాచ్‌లకి అప్పివ్వమని అడిగారు, ఫ్రాన్స్ కుదరదంది. మిగిలింది అసిస్టెంట్ ఎమెర్స్ ఫయే. ఆ రోజు అతని 40వ పుట్టినరోజు. మొరాకో జాంబియాని ఓడించడం వల్ల జట్టు ఎలాగో నాకౌట్‌లోకి దూరింది. అక్కడి నుంచి సెనెగల్ మీద పెనాల్టీల్లో, మాలీ మీద పదిమందితో ఎక్స్‌ట్రా టైమ్‌లో, కాంగో మీద ఒక గోల్‌తో, ఫైనల్లో నైజీరియా మీద 2-1తో కప్పు. మూడు వారాల్లోపు.

డెన్మార్క్‌ది ఇంకా పాతది. సెప్ పియోంటెక్ అసిస్టెంట్ రిచర్డ్ మోలర్ నీల్సెన్‌ని 1990లో ఫెడరేషన్ అడిగింది కూడా రెండో ఎంపికగానే. లౌడ్రప్ సోదరులిద్దరూ అతనితో పడక జట్టు వదిలేశారు, బ్రియాన్ తిరిగొచ్చాడు, మైకేల్ అప్పట్లో రాలేదు. 1992 యూరోకి అర్హత కూడా రాలేదు. యుగోస్లావియాని నిషేధించడంతో చివరి నిమిషంలో పిలుపొచ్చింది. ఆ వేసవిలో ఇంటి వంటగది బాగుచేసుకుందామనుకున్నాడట, దాన్ని పక్కన పెట్టి వెళ్లి, గోథెన్‌బర్గ్‌లో జర్మనీని 2-0తో ఓడించి వచ్చాడు.

ఒక మంచి వెర్షన్ గురించి చెప్పకుండా ముగించలేను: ఐస్‌లాండ్. హైమిర్ హాల్‌గ్రిమ్‌సన్, వృత్తిరీత్యా పళ్ల డాక్టరు. 2011లో లార్స్ లాగర్‌బాక్‌కి అసిస్టెంట్. తర్వాత ఇద్దరూ సమాన హోదాలో కోచ్‌లు, 2016 యూరో తర్వాత ఒక్కడే. చిన్నసారు, ఉమ్మడిసారు, పెద్దసారు అని మూడు మెట్లు. ఆటగాళ్లకి అలవాటు పడే టైమ్ దొరికింది. మ్యాచ్ ముందు అభిమానులు చేరే పబ్బుకి వెళ్లి, ఎవరు ఆడతారో, ఎలా ఆడతారో ముందే చెప్పేసేవాడు. అది పత్రికలకి ఎవరూ చేరవేయలేదు. 2016లో నీస్‌లో ఇంగ్లండ్‌ని 2-1తో ఓడించినప్పుడు ఇద్దరు కోచ్‌లలో ఒకడు ఇతను. 2018లో మాస్కోలో మెస్సీ పెనాల్టీ ఆగిపోయిన మ్యాచ్ గుర్తుందా? ఐస్‌లాండ్ వైపు హెడ్ కోచ్ ఇతనే. అవతలి బెంచీ మీద సంపావోలి మనుషుల్లో ఎక్కడో స్కలోని. ఒకే గీత పక్కన, పని పూర్తయిన పీసు ఒకటి, ఇంకా డబ్బా విప్పని పీసు ఒకటి.

నేను ఏ ఫెడరేషన్‌లోనైనా ఉంటే ఈ మూడు మెట్ల పద్ధతే కొంటాను. అది దొరక్కపోతే స్కలోని రకం, కానీ నాలుగేళ్లకోసారి విప్పి చూసే షరతు మీద. 2023 నవంబర్‌లో మారకానాలో బ్రెజిల్‌ని ఓడించిన రాత్రే, ఈ పని కొనసాగించాలా వద్దా ఆలోచించుకోవాలని స్కలోని తనంతట తనే అన్నాడు. గెలిచిన రాత్రి అలా అనుకునేవాడు దొరికితే ఆ షరతు కూడా అక్కర్లేదు.

చివరగా 2022 ఫైనల్ సంగతి. నా పాత కెప్టెన్ ఇప్పుడు ఉద్యోగస్తుడు, పిల్లవాడి తండ్రి. పెద్ద మ్యాచ్‌లున్నప్పుడు మెసేజ్‌లు పెడుతుంటాడు. 64వ నిమిషంలో, 2-0తో ఆడుకుంటున్నప్పుడు స్కలోని డి మారియాని బయటికి పిలిచాడు. మైదానంలో అప్పుడు అతన్ని మించినవాడు లేడు. వెంటనే ఫోన్ మోగింది. "సార్, డి మారియాని తీసేశాడేంటి సార్?!" నేను చాలా గంభీరంగా టైప్ చేశాను: "తీసేయాల్సొచ్చినప్పుడు తీసేయాలిరా. నాకు అప్పుడు ఆ ధైర్యం లేదు."

పదహారు నిమిషాల తర్వాత ఎంబాపే పెనాల్టీ కొట్టాడు. ఆ మరుసటి నిమిషంలోనే ఇంకోటి. 2-2. ఫోన్ మళ్లీ మోగింది. చూడకుండానే బోర్లా పెట్టేశాను.